తేదీలు కలవని సిరీస్‌లను ఒకే చార్ట్‌లో చూపాలంటే: ఏ పద్ధతి ఎప్పుడు?

డాక్టర్‌కు చూపించడానికి ఒక ఏడాది రికార్డు స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించారనుకుందాం. పరగడుపు షుగర్ దాదాపు రోజూ రాసి ఉంది, మధ్యమధ్యలో కొన్ని రోజులు లేవు. బరువు వారానికోసారి, అదీ గుర్తొచ్చిన రోజున చూసుకున్నది. హెచ్‌బీఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను సూచించే రక్తపరీక్ష) మూడు నెలలకోసారి, అంటే ఏడాది మొత్తానికి నాలుగే అంకెలు. మూడింటికీ విడివిడిగా ఒక తేదీ కాలమ్, దాని పక్కనే విలువ కాలమ్ ఉన్నాయి.

ఎక్సెల్‌లో లైన్ చార్ట్ పెట్టి మూడింటినీ సిరీస్‌లుగా (అంటే ఒక్కోటి ఒక్కో గీతగా వచ్చే విలువల వరుసగా) చేర్చితే మూడు గీతలూ వచ్చేస్తాయి. ఎర్రర్ ఏదీ రాదు. కానీ హెచ్‌బీఏ1సీ గీతను చూడండి: ఏడాది పొడవునా పరుచుకోవాల్సిన నాలుగు చుక్కలు ఎడమ మూలన, మొదటి నాలుగు షుగర్ రీడింగుల తేదీల మీద కూర్చుని ఉంటాయి. బరువు గీత ఏడాదంతా సాగకుండా మొదటి రెండు నెలల్లోనే ముగిసిపోతుంది. కారణం ఏమిటంటే, లైన్ చార్ట్‌లో ఒకే యాక్సిస్ మీద ఉన్న సిరీస్‌లన్నీ మొదటి సిరీస్ తేదీలనే పంచుకుంటాయి. రెండో సిరీస్‌కు వేరే తేదీలు ఇచ్చినా ఎక్సెల్ వాటిని పట్టించుకోదు. హెచ్‌బీఏ1సీ అయితే చూడగానే అనుమానం వస్తుంది. బరువు అలా కాదు. ఏడాదిలో తగ్గిన బరువు రెండు నెలల్లో తగ్గినట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లు నమ్మేస్తారు కూడా.

దీన్ని సరిచేయడానికి నాలుగైదు దారులున్నాయి. బొమ్మలో అన్నీ ఒకేలా కనిపించినా వాటి మధ్య అసలు తేడా ఒక్క ప్రశ్న దగ్గర వస్తుంది: కొలత లేని రోజు గురించి మీ చార్ట్ ఏం చెప్పాలి? ఏమీ చెప్పకూడదా, పాత విలువే కొనసాగిందని చెప్పాలా, రెండు కొలతల మధ్య నెమ్మదిగా మారిందని చెప్పాలా? దీనికి జవాబు తేలితే పద్ధతి దానంతట అదే తేలుతుంది.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా సలహా ముందే చెప్పేస్తాను. ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ వాడుతుంటే, ఉన్నది ఉన్నట్టు చూపడమే కావాలంటే స్కాటర్ చార్ట్ (ప్రతి విలువనూ దాని సొంత తేదీ దగ్గర చుక్కగా పెట్టే రకం) తీసుకోండి. గూగుల్ షీట్స్ అయితే తేదీలన్నీ ఒకే కాలమ్‌లోకి తెచ్చి, విలువలు వేర్వేరు కాలమ్‌లలో పెట్టి లైన్ చార్ట్ గీయండి. వడ్డీ రేటు, ధర లాగా మార్చేదాకా మారని విలువలైతే పాత విలువను ముందుకు నింపండి. రోజువారీ హెచ్చుతగ్గులు కాకుండా నెలల ధోరణి కావాలంటే పివట్ టేబుల్‌లో (డేటాను గుంపులుగా చేసి మొత్తాలు, సగటులు ఇచ్చే పట్టికలో) నెలలవారీగా కుదించండి. మధ్య విలువలను లెక్కగట్టి నింపే పద్ధతి మాత్రం చార్ట్ కోసం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ముందు తేదీలు నిజంగా తేదీలేనా చూడండి

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పని తప్పదు. స్ప్రెడ్‌షీట్‌కు తేదీ అంటే ఒక నంబర్. ఎక్సెల్ లెక్కలో 2024 జనవరి 1 అంటే 45292, మర్నాడు 45293. సమయం కూడా ఉంటే దశాంశం చేరుతుంది: అదే రోజు ఉదయం 8 గంటల 24 నిమిషాలు అంటే 45292.35. చూడ్డానికి తేదీలా ఉండి లోపల టెక్స్ట్‌గా మిగిలిపోయిన సెల్ ఒక్కటి ఉన్నా చార్ట్ పాడవుతుంది. వేరే యాప్ నుంచి దించుకున్న ఫైళ్లలో, రోజు ముందా నెల ముందా అన్న తేడా వచ్చిన చోట ఇలా ఎక్కువగా జరుగుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అలాంటి ఫైల్‌లో 13వ తేదీ నుంచి ఉన్నవి టెక్స్ట్‌గా మిగిలిపోతే, 12 లోపువి రోజూ నెలా తారుమారై మామూలు తేదీల్లా కూర్చుంటాయి. టెక్స్ట్‌గా మిగిలినవాటిని మాత్రమే సరిచేసి వదిలేస్తే ఆ తారుమారైనవి అలాగే ఉండిపోతాయి.

పరీక్షించడం తేలికే. పక్క కాలమ్‌లో ఇజ్‌నంబర్ ఫంక్షన్ పెట్టండి. ఫాల్స్ వచ్చిన ప్రతి సెల్లూ టెక్స్టే. లేదా కాలమ్ ఫార్మాట్‌ను కాసేపు నంబర్‌కు మార్చి చూడండి. ఐదంకెల సంఖ్యగా మారనిది తేదీ కాదు. స్కాటర్ చార్ట్‌లో అడ్డ యాక్సిస్ మీద 1, 2, 3 అని గానీ 1900 జనవరి తేదీలు గానీ వస్తే కారణం దాదాపుగా ఇదే. తేదీల్లో టెక్స్ట్ దొరికితే ఎక్సెల్ ఆ సిరీస్ తేదీలన్నీ వదిలేసి వరుస సంఖ్యలు వేసుకుంటుంది.

ఒక సిరీస్ మొత్తం సరిగ్గా నాలుగేళ్ల ఒక రోజు పక్కకు జరిగి కనిపిస్తే అది వేరే సంగతి. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్లలో లెక్క 1900 నుంచి కాకుండా 1904 నుంచి మొదలయ్యేది. రెండు లెక్కలకూ తేడా 1462 రోజులు. ఆ కాలమ్‌కు 1462 కలిపితే లేదా తీసేస్తే సరిపోతుంది.

స్కాటర్ చార్ట్: నా మొదటి ఎంపిక

స్కాటర్ చార్ట్‌లో ప్రతి సిరీస్‌కూ సొంత ఎక్స్ విలువలు, సొంత వై విలువలు ఉంటాయి. ఒకదాని తేదీలతో ఇంకొకదానికి సంబంధమే లేదు. డేటాను కదిలించనక్కర్లేదు, కొత్త కాలమ్ వేయనక్కర్లేదు, ఫార్ములా రాయనక్కర్లేదు. మూడు జతల కాలమ్‌లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.

ఎక్సెల్‌లో మొదటి జతను సెలెక్ట్ చేసి గీతలతో ఉన్న స్కాటర్ రకాన్ని ఎంచుకోండి. ఆ తర్వాత చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ డేటాలోకి వెళ్లి, యాడ్ నొక్కి, మిగతా సిరీస్‌లకు ఎక్స్, వై రేంజ్‌లు విడిగా ఇవ్వండి. ఇంకా త్వరగా కావాలంటే రెండో జత కాలమ్‌లను కాపీ చేసి, చార్ట్‌ను ఎంచుకుని, పేస్ట్ స్పెషల్‌లో న్యూ సిరీస్ పెట్టి, మొదటి కాలమ్‌లో ఎక్స్ విలువలున్నాయన్న పెట్టెకు టిక్ పెట్టండి. సిరీస్‌లు ఎక్కువున్నప్పుడు ఈ దారి చాలా సమయం మిగులుస్తుంది. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఎక్స్‌వై స్కాటర్ ఎంచుకుని, డేటా రేంజెస్ దగ్గర ఒక్కో సిరీస్‌కు ఎక్స్, వై రేంజ్‌లు ఇవ్వవచ్చు.

గీతల రకం ఎంచుకునేటప్పుడు స్మూత్ అన్నది వద్దు. వంపు తిరిగిన గీత అందంగా ఉంటుంది కానీ, చుక్కల మధ్య లేని గుట్టలూ గుంతలూ పుట్టిస్తుంది. మూడు నెలలకోసారి వచ్చే నాలుగు హెచ్‌బీఏ1సీ చుక్కలను వంపు గీతతో కలిపితే, కొలిచిన అత్యధిక విలువ కన్నా పైకి పోయే శిఖరం రావచ్చు. అలాంటి ఫలితం ఏ ల్యాబ్ రిపోర్ట్‌లోనూ ఉండదు. మార్కర్లు ఉంచి తిన్నటి గీత గీయండి. నాలుగే చుక్కలున్న సిరీస్‌కైతే అసలు గీత తీసేసి చుక్కలు మాత్రమే ఉంచడం ఇంకా మంచిది.

స్కాటర్‌లో ఇబ్బంది అంతా అడ్డ యాక్సిస్ దగ్గరే. దానికి నెలలు తెలియవు, నంబర్లే తెలుసు. అందుకే గుర్తులు ఏ జనవరి 11 దగ్గరో, ఏప్రిల్ 20 దగ్గరో అడ్డదిడ్డంగా పడతాయి. కనిష్ఠం, గరిష్ఠం మీరే ఇవ్వాలి. 2024 మొత్తం కావాలంటే 45292 నుంచి 45658 వరకు, అంటే 2025 జనవరి 1 వరకు. ఏ తేదీ నంబర్ కావాలన్నా ఒక ఖాళీ సెల్‌లో ఆ తేదీ టైప్ చేసి ఫార్మాట్ నంబర్‌కు మార్చితే కనిపిస్తుంది. ఇంత చేసినా, నెలల్లో రోజుల సంఖ్య మారుతుంది కాబట్టి ప్రతి గుర్తూ సరిగ్గా ఒకటో తేదీన పడదు. మేజర్ యూనిట్ (రెండు గుర్తుల మధ్య దూరం) 7 పెట్టి వారాలుగా చూపడం చిన్న వ్యవధికి బాగుంటుంది. ఏడాది చార్ట్‌కైతే నెల పేరు మాత్రమే కనిపించేలా ఫార్మాట్ పెట్టకండి, రోజు కూడా చూపించండి. లేకపోతే యూనిట్ 30 పెట్టినప్పుడు జనవరి 1న ఒక గుర్తు, జనవరి 31న ఇంకో గుర్తు పడి, ఒకే నెల పేరు రెండుసార్లు కనిపిస్తుంది.

గంటలు, నిమిషాల డేటా అయితే స్కాటర్ తప్ప ఎక్సెల్‌లో వేరే దారి ఆలోచించకండి. లైన్ చార్ట్‌లోని డేట్ యాక్సిస్‌కు రోజే అతి చిన్న యూనిట్. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తీసిన రీడింగులన్నీ ఒకే నిలువు గీత మీద పడిపోతాయి.

తేదీలన్నీ ఒకే కాలమ్‌లోకి తెచ్చి లైన్ చార్ట్

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఇదే దారి, ఎందుకంటే అక్కడి స్కాటర్ చార్ట్ అన్ని సిరీస్‌లకూ ఒకే ఎక్స్ కాలమ్ తీసుకుంటుంది. నెల పేర్లు శుభ్రంగా పడాలనుకునే ఎక్సెల్ వాళ్లకూ ఇది పనికొస్తుంది. లైన్ చార్ట్‌కు డేట్ యాక్సిస్ పెడితే నెలల గుర్తులు ఒకటో తేదీల మీదే వస్తాయి, చుక్కల మధ్య దూరం కూడా రోజుల లెక్క ప్రకారమే ఉంటుంది. యాక్సిస్ రకం టెక్స్ట్ అని ఉండిపోతే మాత్రం ఒక రోజు తేడా, ఒక నెల తేడా ఒకే దూరంలో కనిపిస్తాయి. ఆటోమేటిక్‌కు వదలకుండా డేట్ యాక్సిస్‌ను మీరే ఎంచుకోండి.

అమర్చే తీరు ఇది. మొదటి కాలమ్‌లో షుగర్ తేదీలు, వాటి కింద బరువు తేదీలు, వాటి కింద హెచ్‌బీఏ1సీ తేదీలు. రెండో కాలమ్‌లో షుగర్ విలువలు వాటి తేదీల ఎదురుగా, మూడో కాలమ్‌లో బరువు, నాలుగో కాలమ్‌లో హెచ్‌బీఏ1సీ. మిగతా సెల్స్ ఖాళీ. విలువలు మెట్లు దిగినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేసుకోవచ్చు. ఒకే తేదీ రెండుసార్లు వచ్చినా, విలువలు వేర్వేరు కాలమ్‌లలో ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

సార్ట్ చేశాక ఒక సిరీస్ విలువల మధ్య మిగతావాటి ఖాళీలు దూరిపోతాయి, గీత తెగిపోతుంది. ఎక్సెల్‌లో సెలెక్ట్ డేటా పెట్టెలోనే హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అన్న బటన్ ఉంది. అందులో ఖాళీని ఖాళీగా వదలాలా, సున్నాగా చూపాలా, గీతతో కలపాలా అన్నది ఎంచుకోవచ్చు. గూగుల్ షీట్స్‌లో చార్ట్ స్టైల్ కింద ప్లాట్ నల్ వాల్యూస్, లిబ్రేఆఫీస్‌లో ప్లాట్ మిస్సింగ్ వాల్యూస్ కింద కంటిన్యూ లైన్ ఇదే పని చేస్తాయి.

సున్నా అన్నది మాత్రం పొరపాటున కూడా ఎంచుకోకండి. కొలవని రోజున బరువు సున్నా కాదు.

ఈ సున్నా మీరు ఎంచుకోకుండానే దూరే మార్గం ఒకటుంది. చేతితో అమర్చకుండా, తేదీల జాబితా ఒకటి తయారుచేసి ఎదురుగా లుకప్ ఫార్ములాతో విలువలు తెచ్చుకునేవాళ్లు చాలామంది. విలువ దొరకని చోట రెండు డబుల్ కోట్స్ పెట్టి ఖాళీగా కనిపించేలా చేస్తారు. కంటికి ఖాళీయే, కానీ చార్ట్‌కు అది టెక్స్ట్, ఎక్సెల్ దాన్ని సున్నా దగ్గర గీస్తుంది. గీత మాటిమాటికీ నేలకు పడి లేస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. కోట్స్ బదులు ఎన్ఏ ఫంక్షన్ పెట్టండి. సెల్స్ నిండా #ఎన్/ఏ కనిపించి షీట్ అసహ్యంగా ఉంటుంది, నిజమే. కానీ చార్ట్ ఆ చోట చుక్క పెట్టదు. పాత ఎక్సెల్ దాని మీదుగా గీత కలిపేస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లో #ఎన్/ఏను ఖాళీ సెల్‌లాగే చూడమనే పెట్టె కూడా అదే హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ దగ్గర ఉంటుంది. తేదీల్లో సమయం కలిసి ఉంటే లుకప్‌కు 45292, 45292.35 రెండూ వేర్వేరు, కాబట్టి ముందు ఇంట్ ఫంక్షన్‌తో దశాంశం కత్తిరించండి.

తేదీల జాబితాను కూడా ఫార్ములాతోనే తయారుచేయాలంటే మైక్రోసాఫ్ట్ 365లో, గూగుల్ షీట్స్‌లో విస్టాక్‌తో పేర్చి, యూనిక్‌తో డూప్లికేట్లు తీసేసి, సార్ట్ చేయవచ్చు. రోజూ కొత్త రీడింగులు చేరే షీట్‌కు ఇంత శ్రమ తగినదే. ఒక్కసారి గీసి వదిలేసే చార్ట్‌కు చేతితో పేర్చడమే నయం.

పాత విలువను ముందుకు నింపడం

తేదీని వెతికి దాని విలువ తెచ్చే ఎక్స్‌లుకప్ ఫంక్షన్‌లో మ్యాచ్ మోడ్ దగ్గర మైనస్ 1 పెడితే, అడిగిన తేదీ దొరకనప్పుడు దానికి ముందున్న దగ్గరి తేదీ విలువ ఇస్తుంది. ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ 24.8 నుంచి ఇది ఉంది. పాత వెర్షన్లలో వీలుకప్ చివర ట్రూ పెట్టినా అదే ఫలితం, కాకపోతే తేదీలు పాత నుంచి కొత్త వరుసలో సార్ట్ అయి ఉండాలి.

ఈ పద్ధతి ఎక్కడ సరైనదో అక్కడ దీన్ని మించింది లేదు. వడ్డీ రేటు ఫలానా తేదీన మారింది అంటే, తర్వాతి మార్పు దాకా అది అంతే. అలాంటిదాన్ని వాలు గీతతో కలిపితే రేటు రోజూ కొంచెం కొంచెం పెరిగినట్టు అబద్ధం చెప్పినట్టవుతుంది. మందు మోతాదు, జీతం, ప్లాన్ చార్జీ అన్నీ ఈ కోవలోవే. ఇలాంటివాటికి మెట్ల గీత కావాలి. లిబ్రేఆఫీస్‌లో లైన్ టైప్ దగ్గర స్టెప్డ్ అని నేరుగా ఉంది. ఎక్సెల్‌లో లేదు, కానీ ప్రతి మార్పు తేదీకి రెండు వరుసలు రాస్తే, ముందు పాత విలువ, తర్వాత కొత్త విలువ, స్కాటర్ చార్ట్ నిలువుగా ఎక్కే మెట్టు గీస్తుంది.

బరువుకు, షుగర్‌కు ఇది పనికిరాదు. పోయిన వారం చూసిన బరువు ఈ రోజు దాకా కదలకుండా ఉందని ఎవరూ చెప్పలేరు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక సిరీస్ మార్చిలోనే ఆగిపోయినా ఈ ఫార్ములా మార్చి విలువనే డిసెంబర్ దాకా లాక్కుపోతుంది. చార్ట్ చూసినవాళ్లు ఆ సిరీస్ స్థిరంగా ఉందనుకుంటారు. చివరి అసలు తేదీ దాటితే #ఎన్/ఏ వచ్చేలా ఒక ఇఫ్ జోడించండి. మొదటి తేదీకి ముందు ఎలాగూ #ఎన్/ఏనే వస్తుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

మధ్య విలువలు లెక్కగట్టడం

రెండు కొలతల మధ్య సమానంగా మారిందనుకుని ప్రతి రోజుకూ ఒక విలువ లెక్కవేయడం ఇది. రెండు సిరీస్‌ల తేడా రోజువారీగా కావాలన్నా, ఒకదానితో మరొకదాన్ని భాగించాలన్నా దీని అవసరం రావచ్చు. కానీ చార్ట్ కోసమే అయితే ఎందుకు? రెండు చుక్కలను తిన్నటి గీతతో కలిపినప్పుడే చార్ట్ ఆ లెక్క చేసి చూపించేసింది. కొత్తగా వచ్చేదేమీ లేకపోగా, కొలవని విలువలు కొలిచినవాటితో కలిసిపోయి, ఆరు నెలల తర్వాత ఏది ఏదో తెలియకుండా పోతుంది. తప్పనిసరైతే వేరే కాలమ్‌లో, వేరే రంగులో పెట్టండి, మార్కర్లు వేయకండి.

నెలలవారీగా కుదించడం

మూడు కాలమ్‌ల జాబితా చేయండి: తేదీ, ఏ కొలత, విలువ. దాని మీద పివట్ టేబుల్ పెట్టి, తేదీలను వరుసల్లో, కొలత పేరును కాలమ్‌లలో ఉంచి, నెలలుగా గ్రూప్ చేయండి. ఎక్సెల్‌లో నెలలతో పాటు సంవత్సరాలు కూడా ఎంచుకోవాలి. లేదంటే రెండేళ్ల జనవరులు ఒకే జనవరిగా కలిసిపోతాయి. గ్రూప్ కాదని మొరాయిస్తే తేదీల్లో ఎక్కడో టెక్స్ట్ దాగి ఉన్నట్టే.

ఆ తర్వాత నిర్ణయించాల్సింది కూడికా, సగటా అన్నది. ఖర్చు, వాన, నడిచిన అడుగులు లాంటివి కూడాలి. బరువు, షుగర్, ఉష్ణోగ్రత లాంటివి సగటు తీయాలి. మీటర్ రీడింగు, బ్యాంకు నిల్వ లాంటివాటికి నెల చివరి విలువ కావాలి. పివట్‌లో అది నేరుగా రాదు కాబట్టి, ఈఓమంత్ ఫంక్షన్‌తో నెలాఖరు తేదీ తెచ్చి ఎక్స్‌లుకప్ మైనస్ 1తో తీసుకోండి. పివట్ మామూలుగా మొత్తమే ఇస్తుంది. షుగర్ రీడింగులను అలా కూడేస్తే ఎక్కువసార్లు చూసుకున్న నెలలో షుగర్ పెరిగినట్టు కనిపిస్తుంది.

మన మూడు కొలతలకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది. హెచ్‌బీఏ1సీ అన్నది ఆ రోజు సంగతి కాదు, దానికి ముందు రెండు మూడు నెలల సగటు షుగర్‌ను సూచిస్తుంది. కాబట్టి దాన్ని ఒక రోజు రీడింగుతో పోల్చడం కన్నా నెలల సగటు పక్కన పెట్టడమే న్యాయం. ప్రతి సగటు వెనక ఎన్ని రీడింగులున్నాయో చూపే కౌంట్ కాలమ్ కూడా ఉంచండి. ఇరవై ఎనిమిది రీడింగుల సగటును, రెండు రీడింగుల సగటును ఒకేలా నమ్మలేం.

యూనిట్లు వేరైతే

ఇప్పటిదాకా తేదీల గొడవే చూశాం. కానీ కిలోలు, మిల్లీగ్రాములు, శాతాలు ఒకే నిలువు యాక్సిస్ మీద పెడితే హెచ్‌బీఏ1సీ నేలకు అంటుకుపోతుంది. సెకండరీ యాక్సిస్ (కుడివైపు రెండో స్కేలు) పెట్టడం చాలామంది చేసేది. ఎక్సెల్‌లో సెకండరీ యాక్సిస్ మీది సిరీస్‌కు సొంత తేదీలు కూడా ఇవ్వవచ్చు కాబట్టి, రెండే సిరీస్‌లున్నప్పుడు లైన్ చార్ట్‌తోనే పని నడుస్తుంది. అయితే సెకండరీ అడ్డ యాక్సిస్‌ను కూడా పైన కనిపించేలా పెట్టి, దానికీ కింది అడ్డ యాక్సిస్‌కూ ఒకే కనిష్ఠం, ఒకే గరిష్ఠం ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటికే మోసం. పైగా రెండు నిలువు యాక్సిస్‌లు ఉన్నప్పుడు గీతలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతాయన్నది మీరు పెట్టిన స్కేలు మీదే ఆధారపడుతుంది. ఆ దాటడానికి అర్థం లేకపోయినా చూసేవాళ్లు అర్థం వెతుకుతారు.

నాకు నచ్చే దారి వేరు. మూడు చిన్న చార్ట్‌లు, ఒకదాని కింద ఒకటి. ప్రతిదానికీ సొంత తేదీ కాలమ్, సొంత నిలువు స్కేలు. అడ్డ యాక్సిస్ కనిష్ఠం, గరిష్ఠం మాత్రం మూడింటికీ ఒకటే, 2024 జనవరి 1 నుంచి 2025 జనవరి 1 వరకు. ఇలా పెడితే తేదీలను కలపాల్సిన పనే ఉండదు. మామూలు లైన్ చార్ట్ చాలు, నెలల గుర్తులు కూడా సరిగ్గా పడతాయి. గూగుల్ షీట్స్‌లోనూ ఇది నడుస్తుంది. నిలువు యాక్సిస్ మీద మూడంకెల సంఖ్యలున్న చార్ట్‌లో గీసే చోటు కాస్త కుడికి జరుగుతుంది కాబట్టి, ప్లాట్ ఏరియా ఎడమ అంచులు మూడింటిలోనూ ఒకే నిలువులోకి వచ్చేలా చేతితో లాగి సర్దండి. అప్పుడు పై చార్ట్‌లో షుగర్ ఎగబాకిన వారం నుంచి చూపు తిన్నగా కిందకు దించితే, ఆ వారం బరువు ఎంతో కింది చార్ట్‌లో అక్కడే దొరుకుతుంది.